ముందే ఇచ్చిన నలభై వేలు

బ్యాంకులో లవాన్ తీసిచ్చిన అయిదు రసీదుల్లో నాలుగు ఫిబ్రవరివి, ఒకటి డిసెంబరుది. జోలీన్ హౌగెన్ ఆ ఒక్కదాన్ని కిటికీ వెలుగుకేసి తిప్పి మళ్ళీ చదివింది. డిసెంబరు ముప్పై. ఎల్డన్ క్వామీ. నలభై వేల డాలర్లు.

"లవాన్, ఇందులో తేదీ తప్పు పడినట్టుంది."

"తప్పేం లేదు. నేనేగా తీసుకుంది. ఆ రోజు మంచు దంచి కొడుతోంది. ఎల్డన్ ఆ చెవులు కప్పే టోపీ పెట్టుకుని వచ్చి 'ఇది జోలీన్ పెట్టుబడి ఖాతాలో వెయ్యి' అన్నాడు. వేశాను. ఏం, వెయ్యకూడదా?"

జోలీన్ ఆ తేదీ మీద వేలు పెట్టి ఉంచింది. వెయ్యకూడదు. ఆ సంగతి నవంబరులో చర్చి కింది గదిలో అందర్నీ కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పింది. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసింది కూడా: ముందు సర్టిఫికెట్, తర్వాత చెక్కు. ఎల్డన్ రెండో వరసలో కూర్చుని తలూపుతూనే ఉన్నాడు. ఆ లేక్ ఆల్మా ఊళ్ళో తలూపడమంటే విన్నానని మాత్రమే, చేస్తానని కాదు. అక్కడే పుట్టి పెరిగిన జోలీన్‌కి ఆ మాత్రం తెలిసుండాలి.

మినెసోటాలో పద్ధతి అది. అప్పుడే కళ్ళు తెరిచిన స్టార్టప్‌లో ఎవరైనా డబ్బు పెడితే, అందులో పావు వంతు రాష్ట్రం పన్ను రాయితీగా తిరిగిస్తుంది. అయితే ఏడాదికి ఇంత అని ఒక మూట ఉంటుంది. జనవరిలో మొదటి పనిరోజున ఉదయం తొమ్మిదికి దాని మూతి విప్పుతారు, మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఆ రోజు జోలీన్ ఎనిమిదింటినుంచే కంప్యూటరు ముందు కూర్చుని, అయిదుగురి దరఖాస్తులూ పంపి, చచ్చీ చెడీ అందరికీ సంపాదించింది. జనవరి మూడో వారంలో సర్టిఫికెట్లు వచ్చాయి. అవి వచ్చాక అరవై రోజుల్లోపు డబ్బు పడాలి. ముందు పడితే రాయితీ లేదు. ఆ అరవయ్యో రోజు వచ్చే సోమవారం. ఇవాళ శుక్రవారం.

"పోనీ, కాగితం మీద ఫిబ్రవరి అని రాసి పంపెయ్. ఎవరు చూడొచ్చారు?" అంది లవాన్ గొంతు తగ్గించి.

"ఎవరో చూస్తారు. చూస్తే మిగతా నలుగురిదీ లాగేసుకుంటారు. వాళ్ళ నోట్లో మట్టి కొట్టమంటావా?"

"నేనేమీ అనలేదమ్మా," అని లవాన్ రసీదులన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చింది.

ఎల్డన్ ఎందుకు ముందే కట్టాడో జోలీన్ ఎవరినీ అడగక్కర్లేదు. ఆ చుట్టుపక్కల డిసెంబరు ఆఖరి వారంలో అందరూ చేసేది అదే. దాణా కొట్టు, పశువుల డాక్టరు, చర్చికి రాసిన చందా, ఏది ఉన్నా తీర్చేసి గానీ కొత్త సంవత్సరంలో కాలు పెట్టరు. ఎల్డన్ అక్టోబరులో నలభై వేలు పెడతానని మాటిచ్చాడు. మాటిచ్చినవాడు డబ్బివ్వకుండా జనవరిలో పోస్టాఫీసు దగ్గర జోలీన్‌కి ఎదురుపడి ఏ ముఖంతో పలకరిస్తాడు? ప్రభుత్వం వాళ్ళు పెట్టిన అరవై రోజుల లెక్క ఆయన బుర్రలోకి ఎక్కనే లేదు.

జోలీన్ కారులోనే కూర్చుని సెయింట్ పాల్‌లో ఉన్న రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు ఏదో సంగీతం వినిపించాక ఒకావిడ పలికింది. ఆ గొంతులోనూ జోలీన్ గొంతులో ఉన్నంత అలసట ఉంది.

"సర్టిఫికెట్‌కి ముందు పడిన డబ్బు లెక్కలోకి రాదండీ."

"ఆయన మంచితనం కొద్దీ తొందరపడ్డాడు, అంతే."

"ఈ వారంలో ఇది మూడో కేసు. అందరూ మంచివాళ్ళే. దారి ఒక్కటే ఉంది. ఆయన డబ్బు ఆయనకి తిరిగిచ్చేయండి. నిజంగా ఇవ్వాలి. మళ్ళీ పెడతానని మాట తీసుకోకూడదు, కాగితం రాయించుకోకూడదు, ఫోన్ చేసి గుర్తుచెయ్యకూడదు. అలా చేస్తే అది తిరిగిచ్చినట్టు కాదు. ఆయనకి ఇష్టమైతే సోమవారంలోపు కొత్తగా పెడతారు."

"ఇష్టం లేకపోతే?"

"లేకపోతే లేదండీ," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

జోలీన్ స్టీరింగు మీద తల ఆన్చింది. మూడేళ్ళుగా ఇదే బతుకు. కంపెనీ అని పేరేగానీ ఉన్నది ఇద్దరే, తనూ, వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన టౌ సియాంగ్ అనే ఇంజినీరూ. మూతపడ్డ పాలకేంద్రంలో ఒక మూల వాళ్ళ కార్ఖానా. వాళ్ళు చేసేది ఒక తీగ. మొక్కజొన్న నింపే ఇనుప గాదెలో పైనుంచి దాన్ని వేలాడదీస్తే గింజ ఎక్కడ గడ్డ కట్టిందో, ఎక్కడ కింద డొల్ల పడిందో బయటికే చెబుతుంది. అది లేకపోతే రైతు కర్ర పట్టుకుని గాదెలోకి దిగి పొడుస్తాడు. కాలి కింద పొర విరిగితే, పిలిస్తే పలికేలోపు గింజ మనిషిని మింగేస్తుంది. జోలీన్ పన్నెండేళ్ళు ఊరి అంబులెన్స్‌లో ఉచితంగా పనిచేసింది. గాదెల్లోంచి ఇద్దర్ని బయటికి లాగింది. అందులో ఒక్కడే బతికాడు.

రెండు వందల తీగలకి సరిపడా బోర్డులు ఫ్యాక్టరీలో తయారై ఉన్నాయి. మిగతా నలుగురు పెట్టిన డబ్బూ బయానాకే పోయింది. ఇంకా ముప్పై ఎనిమిది వేలు కడితేగానీ ఫ్యాక్టరీ వాళ్ళు సరుకు వదలరు. ఎల్డన్ నలభై వేలు దానికే. అవి లేకపోతే ఈ అక్టోబరు కోతలకి తీగలు అందవు. అందకపోతే ఇంకో ఏడాది టౌ ఉండడు, కంపెనీ ఉండదు, తన ఒంట్లో ఓపికా ఉండదు.

ఎల్డన్ ఇంటికి పన్నెండు మైళ్ళు. రోడ్డుకి రెండు పక్కలా మంచు గుట్టలు కరిగి నల్లగా మురికోడుతున్నాయి. ఆ పన్నెండు మైళ్ళూ ఒకే ఆలోచన ఆమెని పట్టి పీడించింది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే సరి. రాష్ట్రానికి నలుగురి పేర్లే పంపితే నలభై వేలూ కంపెనీలోనే ఉంటాయి. పన్నుల కాలం వచ్చాక ఎల్డన్‌కి తన పదివేలు రాలేదని తెలుస్తుంది. తెలిసినా 'ఫర్వాలేదు, ఇంకా ఘోరాలే జరుగుతుంటాయి' అంటాడు తప్ప ఒక్క మాట తూలడు. ఆయన తిట్టే మనిషైతే జోలీన్ కారు వెనక్కి తిప్పేదేమో. తిట్టడు గనకే తిప్పలేకపోయింది.

ఎల్డన్ భార్య ఆర్డిస్ తలుపు తీసింది. "రా రా, బూట్లు విప్పక్కర్లేదు," అంది. జోలీన్ విప్పింది. కాఫీ వద్దంది, వద్దంది, మూడోసారికి తాగింది. పుల్లటి రూబార్బ్ కాడల కేకు విషయంలోనూ అంతే జరిగింది. ఎల్డన్ కొట్టంలోంచి వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. డెబ్భైకి దగ్గరపడుతున్నా మనిషి గట్టిగానే ఉన్నాడు. రోడ్డు మీద గుంతల గురించి, ఈసారి చెరువు మీద మంచు ఎప్పుడు విరుగుతుందన్న దాని గురించి పావుగంట మాట్లాడుకున్నారు. ఇంక లాభం లేదని జోలీన్ బ్యాగులోంచి చెక్కు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎల్డన్, మీరు డిసెంబరులో వేశారు. సర్టిఫికెట్ జనవరిలో వచ్చింది. ముందే వేశారు కాబట్టి మీకు రాయితీ రాదట. ఇది మీ డబ్బు, తిరిగి ఇస్తున్నా."

"అయ్యో, దాన్ని ఉండనీ," అన్నాడు ఎల్డన్.

"ఉండనిస్తే మీకు నష్టం."

"ఏం నష్టంలే. ఇచ్చింది వెనక్కి పుచ్చుకోవడమేమిటి అమ్మాయ్, బాగుండదు."

రెండయ్యాయి. ఆ ఊళ్ళో ఏదిచ్చినా రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకోవడం మర్యాద. జోలీన్ చెక్కుని ఇంకాస్త ముందుకు జరిపింది. ఎల్డన్ ఒక్క వేలితో దాన్ని ఆమె వైపుకే నెట్టాడు.

"వద్దన్నానుగా."

అది మర్యాదకి అన్న వద్దు కాదు. జోలీన్‌కి లోపల ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సింది చెప్పేశాను, ఆయనే వద్దన్నాడు, ఇంక నా తప్పేముంది అనుకుంది. వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా. చెక్కు తీసి బ్యాగులో పెట్టుకోబోయింది.

"పోయేది ఎంత?" అంది ఆర్డిస్, పొయ్యి దగ్గరనుంచి.

ఎల్డన్ కాఫీ కప్పు అందుకున్నాడు. జోలీనే చెప్పింది. "పదివేలు."

ఆర్డిస్ చేతులు తుడుచుకుని వచ్చి, చెక్కు తీసుకుని, అద్దాలు పెట్టుకుని చదివింది.

"ఏమయ్యా, మొక్కజొన్న ధర నాలుగు డాలర్ల కిందికి పడిపోయి కూర్చుంది. ఏప్రిల్ ఒకటికి కౌలు కట్టాలి. పదివేలు గాల్లోకి వదిలేసేంత గొప్పవాళ్ళం ఎప్పటినుంచి అయ్యాం మనం? నాకు చెప్పనేలేదు."

"ఊరుకో ఆర్డిస్. సోమవారం మళ్ళీ వేస్తే సరిపోతుంది. అంతే కదూ జోలీన్? మళ్ళీ వెయ్యడమేగా?"

ఇద్దరూ ఆమె ముఖంలోకి చూశారు. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. కానీ సెయింట్ పాల్ ఆవిడ చెప్పినదంతా చెవుల్లో గింగురుమంటోంది.

"వేస్తారని నేను మాట తీసుకోకూడదు. మీకు ఇష్టమైతే వెయ్యొచ్చు. ఇష్టం లేకపోతే వెయ్యక్కర్లేదు. నేను అడగను కూడా. ఇప్పుడది మీ డబ్బు."

ఎల్డన్ ముఖం జేవురించింది. "ఇష్టం లేకపోతేనా? నేను మాటిచ్చాను కదా."

"ఆ మాట లెక్కలోకి రాదు, ఎల్డన్. రాకూడదట."

నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషిని పట్టుకుని నీ మాట చెల్లదని ఆయన వంటింట్లోనే, వాళ్ళు పెట్టిన కాఫీ తాగుతూ చెప్పింది జోలీన్.

"సరే, విన్నాం," అంది ఆర్డిస్. చెక్కుని ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల పక్కన పెట్టింది.

తలుపు దగ్గర ఇంకో పది నిమిషాలు, అరుగు మీద ఇంకో పది, కారు అద్దం దించాక మరో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. గాలి గురించి, చర్చి కొత్త పొయ్యి గురించి, ఎవరిదో మోకాలి ఆపరేషన్ గురించి. చెక్కు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం చర్చిలో వాళ్ళు ఎప్పటి చోటే కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక కాఫీ గంటలో ఎల్డన్ ఎదురుపడి, "మంచు బాగా కరుగుతోంది," అన్నాడు. "బాగానే కరుగుతోంది," అంది జోలీన్. ఇంకేమైనా అంటాడేమోనని హాట్‌డిష్ అనే ఆ ఊరి వేడి వంటకం పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. ఎల్డన్ టోపీ అంచు సవరించుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

సోమవారం మధ్యాహ్నం రెండైంది. టౌ పని ఆపేసి స్టూలు మీద కూర్చున్నాడు. సామాన్యంగా నోరు విప్పని మనిషి.

"ఫోన్ చేద్దామా?"

"చెయ్యకూడదు."

"చట్టం ఒప్పుకోదా, మర్యాద ఒప్పుకోదా?"

"రెండూ."

"మా అమ్మ అయితే ఈపాటికి వాళ్ళింటి ముందు కూర్చుని చెక్కు చేతిలో పడేదాకా కదిలేది కాదు," అన్నాడు టౌ. "మీ వాళ్ళతో వేగడం కష్టం జోలీన్. మీరు ఏదీ తిన్నగా అడగరు."

"అడక్కూడదని ఈసారి ప్రభుత్వమే చెప్పింది."

"అయితే ప్రభుత్వంలో కూడా మీవాళ్ళే ఉన్నారన్నమాట."

ఇద్దరూ నవ్వారు గానీ అది నవ్వులా లేదు. నాలుగైంది. లవాన్ ఫోన్ చేసి, ఎవరూ రాలేదని చెప్పింది, అడక్కపోయినా. జోలీన్ చీపురు తీసుకుని శుభ్రంగా ఉన్న నేలనే మళ్ళీ ఊడ్చింది.

అయిదుకి ఇరవై నిమిషాలుండగా ఎల్డన్ పికప్ బయట ఆగింది. ఆయన బ్యాంకుకి వెళ్ళకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. లోపలికొచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టౌ అర్థం చేసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు.

ఎల్డన్ జేబులోంచి మడతపెట్టిన చెక్కు తీసి ఇచ్చాడు. జోలీన్ విప్పింది. పదివేలు. రాయితీకి అంతకంటే తక్కువ పెట్టే వీల్లేదు.

"ఆర్డిస్ ఏమీ అనలేదు," అన్నాడు ఆయన. "ఆవిడ వల్ల అనుకోవద్దు. శని, ఆది రెండు రోజులూ నేనే ఆలోచించాను."

"డిసెంబరులో ఆలోచించలేదా?" అంది జోలీన్. గొంతులో కోపం ఆమెకే వినిపించింది. ఆ ఊళ్ళో అలా ఎవరూ మాట్లాడరు.

"డిసెంబరులో ఆలోచించడానికేముంది? అక్టోబరులో మాటిచ్చాను. మాటిచ్చాక ఇంకా ఆలోచిస్తారా ఎవరైనా? వెళ్ళి కట్టేస్తారు. కట్టేశాక అది నాది కాదు, దాని గోల నాకు లేదు. నువ్వొచ్చి 'ఇది మీ డబ్బు, మీ ఇష్టం' అన్నావు. నా ఇష్టమేమిటని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. నువ్వు అడిగేసరికి..." ఆయన టోపీని చేతిలో ఒక చుట్టు తిప్పాడు. "భయమేసింది, జోలీన్. కౌలు కళ్ళ ముందు కనిపించింది. నిరుడు పడిన వడగళ్ళు కనిపించాయి. ఫ్రిజ్ మీద ఆ కాగితం చూసినప్పుడల్లా భయమే వేసింది."

"నేను తేకపోయుంటే?"

"నీ దగ్గరే ఉండేది. నేను దాన్ని తలుచుకునేవాణ్ణే కాదు."

"పదివేలు పోయినా?"

"పోయినా," అన్నాడు ఎల్డన్. అబద్ధమాడటం ఆయనకి రాదు.

జోలీన్‌కి ఆయన మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. నిజం చెప్పి తీరాలనుకుని పన్నెండు మైళ్ళు పనిగట్టుకుని వెళ్ళి, తన చేతులతో తనే మూడేళ్ళ కష్టాన్ని ఆ ఫ్రిజ్ మీద పెట్టి వచ్చింది. చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేదా అని అడిగితే, ఉండేది కాదనే అంటుంది. అలా అనాల్సి రావడమే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది.

ఇద్దరూ కలిసి బ్యాంకుకి నడిచి వెళ్ళారు. లవాన్ ముద్ర కొట్టింది. తేదీ సరిగ్గా పడింది. ఎల్డన్‌కి రెండు వేల అయిదు వందల రాయితీ వస్తుంది. తిరిగి వచ్చేసరికి టౌ ఫ్యాక్టరీతో మాట్లాడి ఉన్నాడు. కట్టినంతకే సరుకిస్తారట. అన్నీ పోగేసినా ఈ ఏడాదికి తీగలు అరవైకి మించవు. తీగ కావాలని పేరు రాయించుకున్న రైతులు నూట డెబ్భై మంది.

జోలీన్ ఆ జాబితా బల్ల మీద పరిచింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చుంది. ఎల్డన్ ఇంకా వెళ్ళలేదు. వెనకనుంచి వంగి చూశాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే.

"నా పేరు కొట్టెయ్," అన్నాడు. "డబ్బు వెనక్కి తీసుకున్నవాణ్ణి, నేనెలా పుచ్చుకుంటాను? చిన్న పిల్లలున్నవాళ్ళకివ్వు. నేను జాగ్రత్తగా దిగుతాలే."

జోలీన్ పెన్ను కింద పెట్టింది. "జాగ్రత్తగా దిగుతానన్న వాళ్ళనే ఇద్దర్ని బయటికి లాగాను, ఎల్డన్. మీ పేరు ఉంటుంది. తీగ వచ్చేదాకా గాదెలోకి దిగనని నాకు మాటివ్వండి. ఇదైనా అడగొచ్చు, దీనికి ఏ చట్టమూ లేదు."

ఎల్డన్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. కిటికీలోంచి పికప్ వైపు చూశాడు. జీవితంలో అడిగినవాళ్ళందరికీ అక్కడికక్కడే మాటిచ్చిన మనిషి ఆయన.

"ఆలోచిస్తాలే, జోలీన్," అన్నాడు.